ఉత్తరాల బరువు 10 ఔన్సులు: యుద్ధకథల్లో సైనికుడి మోత

మిత్రులారా, నమస్కారం.

ముందు కొన్ని తూకాలు చెబుతాను. ఉక్కు టోపీ 5 పౌండ్లు. బ్యాటరీతో కలిపి రేడియో 26 పౌండ్లు, అంటే దాదాపు 12 కిలోలు. క్లేమోర్ మందుపాతర మూడున్నర పౌండ్లు. మార్తా అనే అమ్మాయి రాసిన ఉత్తరాలు 10 ఔన్సులు, అంటే 280 గ్రాముల పైచిలుకు. ఈ తూకాలన్నీ అమెరికన్ రచయిత టిమ్ ఓబ్రయన్ పుస్తకం ‘ద థింగ్స్ దే క్యారీడ్’ (1990) మొదటి కథలో ఉన్నాయి. వియత్నాంలో కాలినడకన తిరిగే అమెరికన్ దండు అది. ఎవరు ఏం మోశారో కథకుడు సరుకుల చిట్టా చదివినట్టు చదువుకుంటూ పోతాడు. ఆ చదవడంలోనే, అదే గొంతుతో, అదే క్రియతో, భయాన్ని మోశారనీ చచ్చిపోయినవాళ్లను మోశారనీ అంటాడు. అప్పటిదాకా పౌండ్లలో లెక్క కట్టుకుంటున్న మన భుజం వాటినీ పౌండ్లలోనే అందుకుంటుంది.

ఆ దండులో టెడ్ లావెండర్ అని ఒకడున్నాడు. వాడికి భయం ఎక్కువ. గ్రెనేడ్ లాంచర్ పట్టుకునేవాడు మామూలుగా 25 రౌండ్లు మోస్తాడని కథకుడు చెబుతాడు. లావెండర్ తలకు తూటా తగిలి పడిపోయినప్పుడు వాడి దగ్గర 34 ఉన్నాయి. ఇంక వ్యాఖ్యానం లేదు. వాడి భయం ఎంత అంటే 9 రౌండ్లంత. ఆ అదనపు మోతతో సహా వాడు సిమెంటు దిమ్మలా కూలిపోయాడు. భయం గురించి ఎన్ని పేజీలు రాసినా ఈ తీసివేత లెక్క చేసినంత పని చేయవని నా నమ్మకం.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మంచి యుద్ధకథ సైనికుడి మనసును నేరుగా వర్ణించదు. దాన్ని ఒక వస్తువుకు అప్పగిస్తుంది, లేదా చేయకుండా ఆగిపోయిన ఒక పనికి అప్పగిస్తుంది. ఇక ఆ వస్తువు కనిపించినప్పుడల్లా మనసు కనిపిస్తుంది.

ఇక్కడ తెలుగులో రాసేవాళ్లకు ఒక చిక్కుంది. బరువు అనే మాటను మనసుకు వాడి వాడి అరగదీశాం. ‘గుండె బరువెక్కింది’ అని రాస్తే పాఠకుడి కన్ను దాని మీదుగా జారిపోతుంది. ‘కళ్లు చెమర్చాయి’, ‘గుండె రాయి చేసుకున్నాడు’ కూడా అంతే. కానీ ‘మోయడం’ ఇంకా బతికే ఉంది. మూట మోస్తాం, నింద మోస్తాం, సంసారం మోస్తాం, పాడె మోస్తాం. ఇన్నిటికీ ఒకే క్రియ ఉన్న భాష మనది. మూటను ముందు కంటికి ఆనేలా కట్టి చూపిస్తే, నింద దాని వెనకే నడిచొస్తుంది. వరస తారుమారై నింద ముందొస్తే మాత్రం మూట ఉత్త అలంకారంగా మిగిలిపోతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం మీద జర్మన్ రచయిత రెమార్క్ రాసిన నవల ‘ఆల్ క్వయెట్ ఆన్ ద వెస్ట్రన్ ఫ్రంట్’ (1929)లో ఒక జత బూట్లున్నాయి. కెమ్మెరిక్ అనే కుర్రాడికి ఆసుపత్రిలో కాలు తీసేశారు. ఆ మెత్తటి తోలు బూట్ల మీద స్నేహితుడు ముల్లర్‌కు ఆశ. కెమ్మెరిక్ చనిపోయాక అవి ముల్లర్‌కు వస్తాయి. ముల్లర్ చనిపోయాక కథ చెప్పే పాల్‌కు వస్తాయి. ముల్లర్ ఆశను చూసి మొదట మనకు వెగటు పుడుతుంది. తర్వాత తర్వాత, ఆ బూట్లు ఎవరి కాళ్లకు ఎక్కితే వాళ్ల కోసం మనమే భయపడటం మొదలుపెడతాం.

అదే నవలలో పాల్ సెలవు మీద ఇంటికొచ్చి కెమ్మెరిక్ తల్లిని చూడటానికి వెళ్తాడు. నా బిడ్డ ఎలా పోయాడని ఆమె అడుగుతుంది. తూటా తగలగానే ప్రాణం పోయిందని పాల్ చెబుతాడు. అది అబద్ధం. కెమ్మెరిక్ ఆసుపత్రి మంచం మీద, కన్నీళ్లు కారుతుండగా, మెల్లగా పోయాడు. పాల్ పక్కనే కూర్చుని చూశాడు. ఆమె నమ్మదు, ఒట్టు పెట్టమంటుంది. నీకు పవిత్రమైన ప్రతిదాని మీదా ఒట్టేయమంటుంది. నాకు పవిత్రమైనదంటూ ఏం మిగిలిందని పాల్ లోపల అనుకుంటాడు. చివరికి, ఇది నిజం కాకపోతే నేను తిరిగి రాకుండా పోతానని ఒట్టేస్తాడు. నవల చివర 1918 అక్టోబరులో అతను నిజంగానే తిరిగిరాడు. ఆ ఒట్టు సంగతి రచయిత మళ్లీ ఎత్తడు. చదివినవాడికి గుర్తుంటే చాలు. సైనికుడు ఇంటికి మోసుకొచ్చేవాటిలో చావు వార్త ఒకటైతే, ఎదుటివాళ్లు తట్టుకోగలిగేలా దాన్ని దిద్ది చెప్పాల్సిన బాధ్యత ఇంకొకటి. ఈ రెండోది ఎక్కువకాలం ఉంటుంది.

హెమింగ్వే కథ ‘సోల్జర్స్ హోమ్’ (1925)లో క్రెబ్స్ బాధ దీనికి దగ్గర్లోనే ఉంది, తీరు మాత్రం వేరు. అతను అదే యుద్ధం నుంచి 1919 వేసవిలో ఆలస్యంగా ఊరు చేరాడు. అప్పటికే ఊరు భయంకరమైన కథలు కావలసినన్ని వినేసింది. తన మాట ఎవరైనా వినాలంటే అతనూ అబద్ధం కలపాలి. రెండుసార్లు కలిపేసరికి జరిగిన నిజం మీదే అతనికి రోత పుట్టింది. తల్లి ఎదురుగా కూర్చుని, రోజంతా నీ కోసం ప్రార్థిస్తున్నానంటుంది. అతను తన పళ్లెంలో గడ్డకడుతున్న పంది కొవ్వును చూస్తూ ఉంటాడు. ఆ సన్నివేశంలో మనసు గురించి చెప్పేది ఆ పళ్లెమే.

యుద్ధంలో సైనికుల మనసుకు తగిలే దెబ్బకు ‘షెల్ షాక్’ అనే మాట 1915లో వైద్య పత్రికకు ఎక్కింది. ఇప్పుడు వాడుతున్న పీటీఎస్‌డీ అనే పేరు అమెరికన్ మానసిక వైద్యుల జాబితాలోకి 1980లో చేరింది. వైద్యం పేరు కోసం వెతుక్కుంటున్న ఆ 65 ఏళ్లలో కథలు రోగ లక్షణాలను కళ్ల ముందు పెడుతూనే ఉన్నాయి. వర్జీనియా వూల్ఫ్ 1925లో ‘మిసెస్ డాలోవే’ నవలలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సెప్టిమస్ పాత్రను రాసింది. స్నేహితుడు ఎవాన్స్ చనిపోయినప్పుడు పెద్దగా బాధ కలగనందుకు అతను తనను తానే మెచ్చుకుంటాడు. తర్వాత ఏ బాధా, ఏ సంతోషమూ తగలడం లేదని గ్రహించి హడలిపోతాడు. ఏడవలేకపోవడాన్ని ఏడుపు కంటే పెద్ద గాయంగా చూపించిన రచన అది.

చావు భయం కంటే చేసిన పని బరువు ఎక్కువ. ఓబ్రయన్ పుస్తకంలోనే, తను చంపిన మనిషి శవం ముందు నిలబడిపోయిన సైనికుడి అధ్యాయం ఉంది. అధ్యాయం పొడుగునా అతను ఒక్క మాట మాట్లాడడు. ఒక కన్ను మూసుకుని ఉంది, రెండో కన్ను ఉండాల్సిన చోట నక్షత్రం ఆకారపు రంధ్రం ఉంది. ఈ వర్ణనే మళ్లీ మళ్లీ వస్తుంది. పక్కనున్న తోటి సైనికుడు కయోవా మాట్లాడమని బతిమాలుతూనే ఉంటాడు. ఒకే వాక్యం తిరిగి తిరిగి రావడమే అక్కడ మనోస్థితి.

ఆ బరువు కోపంగానూ బయటికి రావచ్చు. భారతంలో యుద్ధం ముగిశాక కర్ణుడు తన అన్న అని తెలిసిన ధర్మరాజు, ఆ రహస్యం దాచిన తల్లిని పట్టుకుని స్త్రీజాతినంతా శపించాడు. ‘ఆడవారి నోట నువ్వుగింజ నానదు’ అనే సామెతకు ఆ శాపాన్నే మూలంగా చెబుతారు. సొంత అన్నను చంపించుకున్నవాడి అపరాధం ఎవరిమీదో విరుచుకుపడింది. సామెత వాడేవాళ్లకు ఆ శోకం గుర్తే లేదు.

రాసేవాళ్లు ఎక్కడ పొరబడతారో కూడా చెప్పాలి. మొదటిది పటాకుల కథ. మాజీ సైనికుడు చప్పుడుకు ఉలిక్కిపడతాడు, వెంటనే కథ గతంలోకి దూకుతుంది, ఆపైన పేలుళ్లు, అరుపులు. ఉలికిపాటు నిజమే. కానీ గతాన్ని పూర్తి దృశ్యంగా వేసేసరికి వర్తమానం చల్లబడిపోతుంది. ఉలిక్కిపడ్డ చేతిలో టీ గ్లాసు ఏమైంది, భార్య ఏం చూసింది, ఏం చూడనట్టు నటించింది అన్నది రాస్తే ఇద్దరి బరువూ తెలుస్తుంది. రెండోది ఒప్పుకోలు సన్నివేశం. చివర్లో సైనికుడు అంతా చెప్పేసి ఏడ్చి తేలికపడతాడు. అంత తేలిగ్గా దిగేదైతే అతను అన్నేళ్లు ఎందుకు మోశాడన్న ప్రశ్న పాఠకుడికి వస్తుంది, కథ దగ్గర జవాబు ఉండదు. మూడోది, తిరిగొచ్చిన ప్రతివాడినీ పిచ్చివాడిగానో దాడి చేసేవాడిగానో చూపడం. ఇది కథకూ నష్టం, బతికున్న మనుషులకూ అన్యాయం. చాలామంది రోజూ పనికి వెళ్తారు, పిల్లల్ని పెంచుతారు, వాళ్ల మోత బయటికి కనిపించదు. రాయాల్సింది ఆ కనిపించకపోవడాన్నే.

చివరగా ఓబ్రయన్ పుస్తకంలోని నార్మన్ బోకర్ అనే సైనికుడు. వియత్నాంలో ఊరివాళ్లు మరుగుదొడ్డిగా వాడే, వానకు ఉబ్బిపోయిన పొలంలో కయోవా మునిగిపోతుంటే బోకర్ అతని బూటు పట్టుకుని లాగాడు. కంపు భరించలేక వదిలేశాడు. ఊరికి తిరిగొచ్చాక, అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై నాలుగున, తండ్రి కారులో చెరువు చుట్టూ తిరుగుతాడు. ఒక చుట్టు 7 మైళ్లు. అతని పతకాలూ ఏడే. ఎనిమిదోది ఎలా చేజారిందో తండ్రికి చెప్పాలి, తండ్రేమో ఇంట్లో బేస్‌బాల్ ఆట చూస్తున్నాడు. బోకర్ తిరుగుతూనే ఉంటాడు.

దాని తర్వాతి అధ్యాయంలో కథకుడు ఈ కథ పుట్టుక చెబుతాడు. బోకర్ అతనికి 17 పేజీల ఉత్తరం రాసి, తన కథ రాయమన్నాడు. కథకుడు రాశాడు కానీ ఆ పొలాన్నీ కయోవానూ వదిలేశాడు. అచ్చయింది చదివి బోకర్, వియత్నాం ఎక్కడ, కయోవా ఎక్కడ అని అడిగాడు. ఎనిమిది నెలల తర్వాత ఉరేసుకున్నాడు. మనం ఇవాళ చదివే కథ ఆ తర్వాత మళ్లీ రాసింది. ఇందులో పొలం ఉంది, కంపు ఉంది, చేతిలోంచి జారిపోయిన కయోవా బూటు ఉంది.