బడిలో పళ్లు చూశారు, తరువాత?

వ్యాఖ్యాత: నమస్కారం. బడికి పళ్ల డాక్టరు వస్తారు, వరసగా నోళ్లు తెరిపించి చూస్తారు, చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ అందుకున్న పిల్లల్లో చాలామంది చికిత్సకు వెళ్లరు. ఎందుకు? ముందు అమ్మగారిని అడుగుదాం.

తల్లి: మా అబ్బాయి చీటీ పుస్తకాల సంచి అడుగున దొరికింది, నీళ్ల సీసా కింద తడిసి, నాలుగు మడతలతో. అప్పటికే మూడు వారాలైంది. ‘రెండు పళ్లకు చికిత్స అవసరం’ అని ఉంది. ఏ పళ్లో, ఏం చేస్తారో లేదు. వాణ్ని అడిగితే నొప్పి లేదన్నాడు. ఎలాగూ ఊడిపోయే పాలపళ్లే కదా అని పక్కన పెట్టేశాను.

దంతవైద్యురాలు: ఈ మాట నేను రోజూ వింటాను. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. దవడ పాలపళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. వాటిని ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, కింది నుంచి వచ్చే పన్నుకు చోటుండదు. ఇంకో చిక్కుంది. ఆరో ఏట వచ్చే పెద్ద దవడ పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వాటి వెనక మొలుస్తుంది. దాన్నీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు.

తల్లి: నొప్పి లేదన్నాడు గానీ, ఒక పక్కనే నములుతున్నాడని తరువాత గమనించాను.

వ్యాఖ్యాత: మాస్టారూ, ఇందులో బడి తప్పేమైనా ఉందా?

ప్రధానోపాధ్యాయుడు: ఉంది. చీటీలు పంచగానే మా పని అయిపోయిందనుకుంటాం. ఒక ఏడాదైతే పుచ్చు పళ్లున్నవాళ్ల పేర్లు తరగతిలో గట్టిగా చదివాం. మరుసటి ఏడు తనిఖీ రోజున వాళ్లలో కొందరు బడికే రాలేదు.

దంతవైద్యురాలు: 2006లో వెలువడిన ఒక పరిశోధన గుర్తొస్తోంది. వాయవ్య ఇంగ్లండ్‌లో తనిఖీ జరిగిన బడులను, జరగని బడులను పోల్చి చూస్తే పిల్లల పుచ్చు పళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అదే న్యూజిలాండ్ 1921లోనే దంత నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది. వాళ్లు బడుల్లోనే పళ్లు చూసి, అక్కడే బాగుచేసేవారు.

ప్రధానోపాధ్యాయుడు: అయితే పిల్లల్ని బడిలో చేర్చుకునేటప్పుడే తనిఖీకి, చికిత్సకు, అన్నిటికీ కలిపి తల్లిదండ్రుల దగ్గర ఒక అనుమతి సంతకం తీసుకుంటే పోదా?

దంతవైద్యురాలు: పోదు, మాస్టారూ. చూడటానికి ఆ సంతకం చాలునేమో గానీ, చికిత్సకు చాలదు. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే పూత మందు సంగతే చూడండి. సూది, డ్రిల్లు అక్కర్లేదు, చిన్న బ్రష్‌తో పూస్తే పుచ్చు ముదరడం ఆగుతుంది. కానీ పూసినచోట నల్లబడుతుంది. ముందుగా చెబితే చాలామంది ‘దవడ పన్నే కదా, ఫరవాలేదు’ అంటారు. చెప్పకుండా పూస్తే, ఇంటికెళ్లాక ఆ నలుపు చూసిన తల్లి ఇక మా గడప తొక్కదు. ఆమెను తప్పుపట్టలేను.

వ్యాఖ్యాత: అమ్మా, మరి మీరు చివరికి ఎలా వెళ్లారు?

తల్లి: బడి నుంచి ఫోను వచ్చింది. ‘ఎందుకు తీసుకెళ్లలేదు’ అని నిలదీస్తారనుకున్నాను. ‘మీకు ఏ వేళ వీలవుతుంది’ అని అడిగారు. పని మానుకోవలసి వస్తుందనే నా బెంగంతా. సాయంత్రం అయిదున్నరకు రమ్మన్నారు. ఒక పన్నుకు స్టీలు తొడుగు వేశారు.

వ్యాఖ్యాత: రెండో పన్ను?

తల్లి: అప్పటికే ఆలస్యమైంది. తీసేశారు.