ఎండలో ఉండే బాక్స్‌కు ఏ ప్లాస్టిక్ షీట్? అనంతపురం మేడ మీద ఒక ఎండాకాలం పెట్టి చూశా

ఇది చూడండి. కొంచెం దగ్గరికి తెస్తున్నా, ఫోకస్ కుదరనివ్వండి. ఆ, ఇప్పుడు కనిపిస్తోంది. ఈ మూల స్క్రూ దగ్గర మొదలై అంచుదాకా పోయిన గీత ఉంది కదా, అది గీత కాదు, పగులు. రెండేళ్ల కిందట నా చేత్తో నేనే చేసిన బాక్స్ ఇది. 3 ఎంఎం నల్ల ఏబీఎస్ అనే ప్లాస్టిక్ షీట్. నార్పల దగ్గర మా మామ చీనీ తోటలో బోరు మోటారును ఫోన్‌తో ఆన్ చేసే జీఎస్ఎం బోర్డు పెట్టడానికి చేశాను. బోర్డు ఈరోజుకీ బాగానే పనిచేస్తోంది. పోయింది బాక్సే. రెండో ఎండాకాలం దాటకముందే మామ ఫోన్ చేసి, "ఏం అల్లుడా, నీ పెట్టె పలిగిపాయనే" అన్నాడు. పోయి చూస్తే మూత సగం ఊడి వేలాడుతోంది, లోపల బల్లి కాపురం పెట్టింది.

తప్పు షీటుది కాదు, నాది. షాపులో చేత్తో తట్టి, వంచి, గట్టిగా ఉందని తెచ్చేశా. ఎండ సంగతి ఆలోచించలేదు. అనంతపురంలో పుట్టి పెరిగి ఎండను మర్చిపోయానంటే నన్నేమనాలి చెప్పండి. ఈ వీడియోలో ఆ లెక్క సరిచేస్తున్నా. ఫిబ్రవరి చివర్లో ఒక టేకు చెక్క మీద నాలుగు రకాల షీట్ల నుంచి అయిదు ముక్కలు బిగించి, మా మేడ మీద పడమటి వైపు పెట్టాను. జులైలో దింపాను. ప్రతి ముక్కకూ రెండు స్క్రూలు, సగం భాగానికి అల్యూమినియం టేపు. టేపు తీస్తే, ఎండ తగలని సగం ఎట్లుంది, తగిలిన సగం ఎట్లుంది, పక్కపక్కనే తెలిసిపోతుంది.

ముందు ఒక మాట. మీరు అడిగేది నాకు తెలుసు: ఈ గొడవంతా ఎందుకు, ఇనుప డబ్బా పెట్టుకోవచ్చు కదా అని. స్టార్టరుకు, కాంటాక్టరుకు, 415 వోల్టుల లైను ఉన్న ప్రతి దానికీ ఇనుప డబ్బానే పెట్టండి, ఎర్తింగ్ చేయండి. అందులో రెండో మాట లేదు. కానీ జీఎస్ఎం బోర్డును ఇనుప డబ్బాలో పెడితే సిగ్నల్ లోపలికి రాదు. యాంటెనా బయటికి లాగితే ఆ కేబులును ఎలుక కొరుకుతుంది, లేదంటే ట్రాక్టరు తగిలి తెగుతుంది. ప్లాస్టిక్ అయితే సిగ్నల్ దాని గుండానే పోతుంది, యాంటెనా లోపలే ఉంటుంది. కాబట్టి ఈ వీడియో చిన్న బోర్డులకు, సెన్సర్లకు, డ్రిప్ వాల్వు కంట్రోలర్లకు చేసుకునే బాక్సుల గురించే.

సరే, మొదటి ముక్క. ఇదే ఏబీఎస్, కాకపోతే ఈసారి తెలుపు. ఇదిగో వేలితో రుద్దుతున్నా. వేలికి సున్నంలా అంటింది చూడండి. టేపు కింద ఉన్న సగం కొత్త షీటులా నిగనిగలాడుతోంది, పక్క సగం పసుపు తిరిగింది. ఏబీఎస్‌లో మూడు పదార్థాలు ఉంటాయి: ఆక్రిలోనైట్రైల్, బ్యూటాడయీన్, స్టైరీన్. మధ్యలోది రబ్బరు. సుత్తి దెబ్బకు కూడా ఏబీఎస్ పగలకుండా కాచేది ఆ రబ్బరే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముందుగా తినేది కూడా దాన్నే. రబ్బరు పోయాక మిగిలేది అప్పడం. నల్ల రంగు ఎండకు ఆగుతుందంటారు, అందులో కొంత నిజం ఉంది, ఆ కిరణాలు లోతుకు దిగకుండా నలుపు ఆపుతుంది. కానీ నల్ల బాక్సు మీద మే నెల మధ్యాహ్నం నా థర్మామీటరు గన్ పెడితే 70 డిగ్రీలు దాటింది. లోపలున్న కెపాసిటర్ల గతి ఏం కావాలి? ఇంట్లో, షాపులో, కొట్టంలో పెట్టే బాక్సుకు మాత్రం ఏబీఎస్ అంత మంచిది ఇంకొకటి లేదు. సులువుగా కోయొచ్చు, డ్రిల్ చేయొచ్చు, హీట్ గన్‌తో వంచొచ్చు, అసిటోన్ రాస్తే రెండు ముక్కలూ ఒకటైపోతాయి.

రెండోది ఫోమ్ షీట్. మనవాళ్లు సన్ బోర్డు అంటారు, బోర్డులు, స్టిక్కర్లు చేసే ప్రతి షాపులో ఉంటుంది. చవక, తేలిక, కట్టరుతో కోయొచ్చు. దీని గురించి ఎక్కువ మాట్లాడను, ముక్కే మాట్లాడుతుంది. చూశారా, అరటిపండులా వంగిపోయింది. పీవీసీ కదా, 65, 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఇంకో సంగతి, ప్రాణానికి సంబంధించింది. పీవీసీ ఏదైనా సరే లేజరు కటింగుకు ఇవ్వకండి. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. ఊపిరికి చెడ్డది, మెషిను లోపలి పట్టాలు కూడా తుప్పు పట్టిపోతాయి. లేజరు నడిపే పిల్లోడికి తెలియకపోతే మీరైనా చెప్పండి.

ఇప్పుడు ఆక్రిలిక్. దీని మీద నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది. ముందు ప్రేమ. టేపు తీసిన సగం, ఎండలో ఉన్న సగం, రెండూ పట్టుకుని లైటుకు చూపిస్తున్నా. తేడా మీకు కనిపిస్తే కామెంటులో చెప్పండి, నాకైతే కనిపించలేదు. ఎండను ఓర్చుకోవడంలో మామూలు పారదర్శక ప్లాస్టిక్కుల్లో ఇది పెద్దన్న. వెలుతురు 92 శాతం దాకా వదులుతుంది. లేజరుతో కోస్తే అంచు అద్దంలా వస్తుంది, పాలిష్ అక్కర్లేదు.

ఇక కోపం. ఈ అంచును మాక్రో లెన్సుతో తీశాను, స్క్రీను మీద వేస్తున్నా. సాలెగూడులా సన్నటి గీతలు. ఎట్లా వచ్చాయో చెప్తా, ఎందుకంటే నాలాగే మీరూ ఇదే తప్పు చేస్తారు. లేజరుతో కోసినప్పుడు అంచు కరిగి వెంటనే చల్లారుతుంది, దాంతో లోపల బిగువు ఉండిపోతుంది. కంటికి కనపడదు. ఇంటికి తెచ్చాక వేలిముద్రలు పోవాలని స్పిరిట్ ముంచిన గుడ్డతో తుడిచాను. తుడిచిన అయిదు నిమిషాలకు, నేను చూస్తుండగానే, లోపల వెండి జరీలా గీతలు మొలిచాయి. స్పిరిట్ ఆ బిగువును విప్పేసింది. సబ్బునీళ్లతో తుడిచి ఉంటే ఏమీ అయ్యేది కాదు. కోసిన ముక్కను 80 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచి, మెల్లగా చల్లారనిస్తే కూడా ఆ బిగువు పోతుంది. ఓవెన్ అంటే ఇంట్లో కేకులు చేసేది, దానికి ఇంట్లో పర్మిషన్ అడగాలి, అది మీ తిప్పలు.

మేడ మీది ఆక్రిలిక్ ముక్క ఎండకు ఆగింది గానీ స్క్రూ దగ్గర విరిగింది. దీని వెనక చిన్న లెక్కుంది. ఆక్రిలిక్ ఒక్క డిగ్రీ వేడెక్కితే మీటరుకు 0.07 ఎంఎం పెరుగుతుంది. 400 ఎంఎం మూత అనుకోండి. తెల్లవారుజామున 25 డిగ్రీలు, మధ్యాహ్నం ఎండలో మూత 65 దాకా పోతుంది. 40 డిగ్రీల తేడాకు 1.1 ఎంఎం పెరుగుతుంది. దాని కింద ఇనుప ఫ్రేము ఉంటే అది 0.2 ఎంఎం కూడా పెరగదు. మనమేమో 4 ఎంఎం స్క్రూకు 4 ఎంఎం బొక్కే వేసి, కసిగా బిగిస్తాం. మూత ఎటు పోవాలి? పగులుతుంది. 4 ఎంఎం స్క్రూకు 6 ఎంఎం బొక్క వేయండి. తల కింద వెడల్పు వాషరు, దాని కింద రబ్బరు వాషరు వేసి, స్క్రూ తగిలాక పావు చుట్టు చాలు. డ్రిల్ బిట్టు కూడా ఇనుముకు వాడే పదును మీద ఉంటే షీటును కొరికి లాగేస్తుంది. ఆ పదునును ఆకురాయి మీద కాస్త చంపి, షీటు కింద చెక్క పెట్టి, మెల్లగా దించండి.

ఈ బొక్క లెక్క పాలీకార్బొనేటుకూ అంతే, పెరుగుదల ఇంచుమించు అదే. తేడా ఏంటంటే ఇది పగలదు. ఇదిగో సుత్తి. (ఈ శబ్దానికి మా అమ్మ కింద నుంచి కేకేస్తోంది, ఆగండి.) చూడండి, గుంట పడింది గానీ చీలలేదు. ఈ ముక్కలు రెండు పెట్టాను, ఎందుకో చెప్తా. పాలీకార్బొనేటు తనంతట తాను ఎండకు ఆగదు, పసుపెక్కి బీటలు తీస్తుంది. అందుకే షీటుకు ఒక వైపు యూవీ పొర, అంటే అతినీలలోహిత కిరణాలను ఆపే పొర, వేస్తారు. ఆ వైపు ఎండకు ఉండాలి. నేను ఒక ముక్కను సరిగ్గా, ఇంకోదాన్ని కావాలనే తిరగేసి బిగించాను. తెల్ల కాగితం మీద అంచు నిలబెడుతున్నా. సరిగ్గా పెట్టింది తెల్లగా ఉంది. తిరగేసింది పలచటి టీలా ఉంది. ఒక్క ఎండాకాలానికే ఇంత తేడా. పై ఫిల్ము మీద యూవీ అని రాసి ఉంటుంది. ఫిల్ము పీకేశాక రెండు వైపులూ ఒకేలా ఉంటాయి, దేవుడు కూడా చెప్పలేడు.

కొనేటప్పుడు ఇంకో గొడవ. మన ఊళ్లో షాపుకు పోయి పాలీకార్బొనేటు అడిగితే షెడ్లకు వేసే, లోపల గొట్టాలు గొట్టాలుగా ఉండే షీటు చూపిస్తారు. అది కాదు. కాంపాక్ట్ షీట్ అని అడగండి, గట్టిగా నిండుగా ఉంటుంది. మన దగ్గర చిన్న సైజులు దొరక్కపోతే బెంగళూరు నుంచి తెప్పించాలి, 200 కిలోమీటర్లు పైనే. ధర చెప్పను, నెలకో మాదిరి ఉంటుంది, కానీ అదే మందం ఆక్రిలిక్ కంటే ఎక్కువే. ఎక్కువ డబ్బిచ్చి ఆక్రిలిక్కే తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు, కాబట్టి ఒక చిన్న ముక్క అడిగి అక్కడే గట్టిగా వంచండి. టప్పున విరిగితే ఆక్రిలిక్. రేకులా మడతపడితే పాలీకార్బొనేటు. 3 ఎంఎం మూత ఒక మడత వంచాలంటే దీనికి వేడి కూడా అక్కర్లేదు, రేకు వంచే మెషిన్లో చల్లగానే వంగుతుంది. హీట్ గన్ పెడితే మటుకు జాగ్రత్త. గాల్లోని తేమను పీల్చుకుని ఉంటుంది, ముందు ఆరబెట్టకపోతే లోపల పెసరగింజల్లా బుడగలు వస్తాయి. లేజరు కూడా దీనికి పడదు, అంచు మాడి గోధుమరంగు తిరుగుతుంది. జిగ్‌సా రంపం, లేదా కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ రౌటరుతో కోయాలి.

దీని శత్రువులు వేరే ఉన్నారు. థిన్నరు, పెట్రోలు, అమ్మోనియా. తోటల్లో వాడే కొన్ని మందులు నీళ్లలో కలపగానే పాలలా తెల్లబడతాయి కదా, వాటిలో ద్రావకం ఉంటుంది. పిచికారీ చేసిన చేత్తోనే వచ్చి మూత తుడిస్తే మూత పాడవుతుంది. మామకు ఇది చెప్తే, "మందు కొట్టేటప్పుడు నీ పెట్టెకు కూడా మాస్కు కట్టాల్నా" అన్నాడు. ఇంకోటి, నట్లు వదులు కాకుండా వేసే ఎర్ర, నీలం జిగురు. ఇనుముకు బాగుంటుంది, పాలీకార్బొనేటుకు తగిలితే స్క్రూ చుట్టూ పగుళ్లు. నైలాక్ నట్టు, అంటే లోపల నైలాన్ రింగు ఉండేది, వాడండి, గొడవ ఉండదు. సిలికాన్ పూసేటప్పుడు కూడా వెనిగర్ వాసన వచ్చేది కాకుండా న్యూట్రల్ అని రాసింది కొనండి. ఆ పుల్ల వాసన ఆసిడ్‌దే, లోపలి రాగిని పచ్చగా చేస్తుంది.

పీపీ (పాలీప్రొపిలీన్), హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలీఇథిలీన్) షీట్ల గురించి రెండే మాటలు. మామూలు జిగుర్లు అంటవు, వేడిగాలి వెల్డింగు రావాలి. ఆసిడ్, ఎరువు నీళ్లు ఉండే చోట పీపీని మించింది లేదు. డ్రిప్పు పైపులు ఆసిడుతో కడిగే ట్యాంకు పక్కన పెట్టే బాక్సైతే దీని గురించి ఆలోచించండి. మిగతావాళ్లు వదిలేయండి.

లోపల బోర్డు బిగించే పలకకు మాత్రం నేను ఈ షీట్లేవీ వాడను. హైలం షీటు వాడతా. పాత స్టార్టర్లలో గోధుమరంగు పలక చూసుంటారు, అదే. బేకలైటు జాతి, వేడికి కరగదు, స్క్రూ పట్టు వదలదు. కోసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ఆ దుమ్ము గొంతులో మంట పెడుతుంది. పవర్ సప్లయ్ బోర్డు కూడా బాక్సులోనే ఉంటే షీటు వీ-0 గ్రేడా అని అడగండి. నిప్పు అంటుకున్నా 10 సెకన్లలోపు ఆరిపోవాలి, కాలే చుక్కలు కింద పడకూడదు, అదే ఆ గ్రేడు. ఆక్రిలిక్ ఇక్కడ తేలిపోతుంది, ఒకసారి అంటుకుంటే కొవ్వొత్తిలా కాలుతూనే ఉంటుంది. నా జాబితాలో అది ఎల్ఈడీ కనపడే చిన్న కిటికీ వరకే.

కాబట్టి మామకు కొత్తగా చేసింది ఇది. ఒళ్లంతా 3 ఎంఎం తెల్ల పాలీకార్బొనేటు, యూవీ వైపు బయటికి. మూత పారదర్శకం, దాని మీద ఒక అంగుళం ఎడంగా ఇంకో తెల్ల ముక్క గొడుగులా నిలబెట్టాను. ఎండ గొడుగు మీద పడుతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. వైర్లన్నీ కింది నుంచే, వైరును బొక్క దగ్గర బిగించి పట్టే గ్లాండులతో. కింది మూలలో 3 ఎంఎం బొక్క ఒకటి వదిలి లోపల సన్నటి స్టీలు జాలీ అంటించాను. రాత్రి చల్లబడినప్పుడు లోపల చెమ్మ పడితే కారిపోవాలి, బల్లి మాత్రం రాకూడదు. ఐపీ65, అంటే దుమ్ము, నీటి చిమ్ము లోపలికి పోని రేటింగు, కావాలనేవాళ్లు ఈ బొక్క చూసి నవ్వుతారు. నవ్వనీయండి. చేత్తో చేసిన బాక్సు పూర్తిగా మూసుకుపోదు, చెమ్మ ఎట్లాగూ దూరుతుంది. దూరింది బయటికి పోవడానికి దారి ఉండాలి.

ఫిల్ము ఇంకా తీయలేదు, చూశారా. తీసేముందు లోపలి వైపు మూలలో స్కెచ్ పెన్నుతో "లో" అని రాస్తున్నా, రేపు మూత తీసి పెట్టేటప్పుడు మామ తిరగేయకుండా. ఇక ఇప్పుడు పీకుతున్నా. ఈ శబ్దం వినండి... అబ్బ. కింద మిగిలిన ముక్కలు పారేయను, గొడుగులు ఇంకో మూడు వస్తాయి. పాత నల్ల డబ్బాను మామ అడిగి తీసుకున్నాడు. కొట్టంలో నీడనే కదా, ఫ్యూజు తీగ, టెస్టరు వేసుకుంటాడంట.