అడవిని తినేసింది ఊరా, పెంచింది ఊరా?

అందరికీ నమస్తే. ఇవాళ గినియాలో కిస్సిదుగు అనే ప్రాంతం గురించి చెప్తాను, పశ్చిమాఫ్రికా అన్నమాట. అక్కడ గడ్డిమైదానం మధ్యలో ఊళ్లు, ప్రతి ఊరి చుట్టూ గుండ్రంగా దట్టమైన అడవి, పైనుంచి చూస్తే దీవుల్లా ఉంటాయి. ఫ్రెంచి పాలన నాటి నుంచి ఆఫీసర్లంతా ఒకటే అనుకున్నారు, ఒకప్పుడు ఇదంతా అడవేనని, జనం పోడు కొట్టి నిప్పు పెట్టి నాశనం చేస్తే మిగిలిన ముక్కలే ఇవని.

1990ల మొదట్లో జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్ అనే ఇద్దరు ఆంత్రోపాలజిస్టులు (మనుషుల జీవన విధానాన్ని పరిశోధించేవాళ్లు) అక్కడికెళ్లి పెద్దవాళ్లని అడిగితే చాలా ఊళ్లలో పూర్తిగా రివర్స్‌లో చెప్పారు, మా తాతలు వచ్చేసరికి ఇక్కడ గడ్డే ఉండేది, ఈ అడవి మేం పెంచుకున్నదే అని. వీళ్లు 1952లో విమానం నుంచి తీసిన ఫోటోలనీ, తర్వాతి శాటిలైట్ ఫోటోలనీ పక్కపక్కన పెట్టి చూశారు. చాలా చోట్ల అడవి పెరిగే ఉంది!

ఎలాగంటే, ఇంటికప్పుకి గడ్డి కోస్తారు, ఊరి అంచున పశువుల్ని కట్టేస్తే మిగతాది అవి మేసేస్తాయి, ఇక ఎండాకాలం మంటొచ్చినా అంటుకోడానికి అక్కడ ఏమీ ఉండదు. పొయ్యి బూడిద, పేడ, ఇంటి చెత్త పడి నేల బలపడుతుంది, మొక్కలు లేస్తాయి. యుద్ధాల రోజుల్లో ఊరికి కోటలా ఉంటుందని బూరుగు చెట్లు నాటారు, తర్వాత ఆ నీడలోనే కోలా గింజల చెట్లు, కాఫీ. నిప్పు కూడా అంతే, గడ్డి ఇంకా కాస్త పచ్చిగా ఉన్నప్పుడే కాల్చేస్తే చిన్న మంటతో పోతుంది, ఆలస్యమైతేనే చెట్లని కూడా దహించేస్తుంది.

మరి అడవిని పాడుచేసేది ఊరివాళ్లే అని నమ్మితే ఏమవుతుంది? చెట్టు మీద హక్కు అటవీ శాఖకి పోతుంది. అదే జరిగింది, చెట్టు కొట్టాలంటే పర్మిషన్, నిప్పు పెడితే జరిమానా, విదేశీ ప్రాజెక్టుల డబ్బు కూడా ఈ కథ మీదే వచ్చేది. అడవిని పెంచినవాళ్లే అడవి పేరు చెప్పి జరిమానా కట్టారు, నాకు ఎన్నిసార్లు చదివినా కడుపు మండేది ఇక్కడే. ఆఫ్రికాలో అడవులు నరకట్లేదని నేననట్లేదు, చాలా చోట్ల నరుకుతున్నారు, కానీ ఏ ఊళ్లో ఏం జరిగిందో ఆ ఊరిని అడగాలి కదా.

2013 చివర్లో పక్కనే గెకెదు ప్రాంతంలో ఎబోలా జబ్బు మొదలైనప్పుడు, అడవి నరికేశారు కాబట్టే ఆ వైరస్ మోసే గబ్బిలాలు ఊళ్లమీదికి వచ్చాయని మళ్లీ అదే మాట ప్రపంచమంతా తిరిగింది. ఫెయిర్‌హెడ్, లీచ్‌ల పరిశోధన మాత్రం 1996లోనే అచ్చయింది.