కాలు ఆడింది కదా అని లేవకండి

శ్రోతలకు నమస్కారం.

పరకాల దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు నడుములో మత్తు సూది ఇచ్చి హెర్నియా ఆపరేషన్ చేశాం. మూడు గంటలయ్యాక మంచం మీద కాళ్లు ఆడించి చూపించాడు. "మత్తు దిగింది బిడ్డా, బాత్‌రూమ్‌కు నేనే పోత" అన్నాడు. కొడుకు పట్టుకునే లోపే మోకాళ్లు మడతపడి కూలబడ్డాడు. అదృష్టం, దెబ్బ తగల్లేదు. ఆయనకు మాత్రం ఒకటే అనుమానం: "కాలు కదిలింది గదా, మరెందుకు నిలువలే?"

నరం అంటే ఒక్క తీగ కాదండీ. మన వరంగల్ కొత్తవాడ దర్రీలకు వాడే నూలు కట్టలాగా వేల పోగులు. కొన్ని నొప్పిని మోస్తాయి, కొన్ని వేడినీ చల్లదనాన్నీ, కొన్ని కండరానికి ఆజ్ఞలను. కాలు ఇప్పుడు ఎక్కడుందో, ఎంత వంగిందో మెదడుకు చెప్పేవి ఇంకొన్ని. కరెంటు పోయిన చీకట్లోనూ ముద్ద తిన్నగా నోటికే పోతుందంటే వాటి పుణ్యమే. మత్తుమందు ఈ పోగుల్లోకి సోడియం పోనివ్వదు, దాంతో కబురు ఆగిపోతుంది. మందు తగ్గేటప్పుడు అన్నీ ఒక్కసారే తెరుచుకోవు. పడుకుని కాలు ఆడించడానికి కొంచెం బలం చాలు. నిలబడాలంటే తొడ బలం, కీళ్ల కబురు, బీపీ మూడూ కలిసి రావాలి. నడుము సూది బీపీని కూడా దించుతుంది మరి.

చిన్న సూదులతోనూ ఇదే తంటా. కింది దవడ పన్ను తీయించుకుంటే పెదవి, నాలుక రెండు మూడు గంటలు మొద్దుబారతాయి. వేడి చాయ్ తాగితే కాలేది కూడా తెలియదు. పిల్లలైతే పెదవి కొరుక్కుంటారు. కొడవలి తెగి ఎడమ చేతికి సూది వేసి కుట్లు వేయించుకున్న మనిషి, అదే చేత్తో క్లచ్ పడుతూ కాజీపేట బ్రిడ్జి ఎక్కితే ఎట్లా?

ఇదంతా మందు తన పని చేయడమే. మందు ఎక్కువై, లేదా పొరపాటున రక్తనాళంలోకి పోయి, మెదడుకు చేరితే కథ వేరు. సూది వేసింది చేతికైనా పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, మాట ముద్దగా రావడం, తూలు. అక్కడితో ఆగకపోతే ఫిట్స్. అందుకే బరువు చూసి లెక్క వేస్తాం. లిడోకెయిన్ అనే మత్తుమందు ఒక్కటే వాడితే కిలోకు 4.5 మిల్లీగ్రాములు దాటనివ్వం. 50 కిలోల మనిషికి 2 శాతం మందు 11 మిల్లీలీటర్లు, అంతే.

సూది వేశాక "ఈసారి ఎన్నెకరాలు పత్తి పెట్టినవ్?" అని అడిగేది ముచ్చటకు కాదు, మాట తడబడుతుందేమో వినడానికి. నాలుక మందంగా అనిపిస్తే ఆ క్షణమే చెప్పండి, మొహమాటం వద్దు.

పెద్దాయన సంగతి మరిచాను. సాయంత్రం మంచం అంచున కాళ్లు వేలాడేసి కాసేపు కూర్చోబెట్టాం. తర్వాత కొడుకు భుజం పట్టుకుని బాత్‌రూమ్ దాకా నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ భుజం వదిలేశాడు లెండి.