కంగారూ కంచంలో ఏముంది?

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం పిక్నిక్‌లో కంగారూలు కనిపిస్తాయి కాబట్టి, అవి అడవిలో ఏం తింటాయో పది నిమిషాలు చెప్పమన్నారు. గడ్డి తింటాయని చెప్పి కూర్చోవచ్చు, జవాబు చాలావరకు అదే. కానీ ఆ గడ్డి నమలడానికి, అరిగించుకోవడానికి వాటికున్న ఏర్పాట్లు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అందుకని కూర్చోను.

ఇక్కడ మెల్‌బోర్న్ చుట్టుపక్కల మనం ఎక్కువగా చూసేది తూర్పు బూడిదరంగు కంగారూ. ఎండ ఉన్నంతసేపూ చెట్టు నీడన పడుకుని, చల్లబడ్డాక మేతకు దిగుతుంది. దేశం లోపలి ఎడారుల్లో ఉండే ఎర్ర కంగారూకి లేత పచ్చగడ్డి, చిన్న చిన్న మొక్కలు ఇష్టం. కరువొచ్చి గడ్డి మాడిపోతే సాల్ట్‌బుష్ అనే ఉప్పుపొదల ఆకులతో సరిపెట్టుకుంటుంది. మేత పచ్చగా ఉంటే అందులోని తడే చాలావరకు సరిపోయి, నీళ్ళు తాగకుండా రోజులు నెట్టుకొస్తుంది. ఇక పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా వైపు యూరో అనే కంగారూ ఉంది, సూదుల్లా గుచ్చుకునే స్పినిఫెక్స్ గడ్డి తిని కూడా బతికేస్తుంది.

పళ్ళ సంగతి చూడండి. ముందు పళ్ళు పైన 6, కింద 2. వాటితో గడ్డిని కొరుకుతుంది. వెనక దవడ పళ్ళు ప్రతి వరసలో 4. గడ్డిలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, నమిలేకొద్దీ పళ్ళు అరుగుతాయి. అరిగిన పన్ను రాలిపోతే వెనకది ముందుకు జరుగుతుంది, ఎయిర్‌పోర్టులో సామాన్ల బెల్టు కదిలినట్టు. ఎంత జరిగాయో చూసి పరిశోధకులు దాని వయసు అంచనా వేస్తారు. ఆఖరి పళ్ళూ అరిగిపోతే ముసలి కంగారూకి కళ్ళెదుట మేత ఉన్నా నమిలే దారి ఉండదు.

పొట్ట విషయానికొస్తే, మన ఆవుతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఆవు పొట్టలోలాగే ఇక్కడా సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. తేడా ఏమిటంటే, ఆవు పొట్టలో ముతక మేత బాగా మెత్తబడేదాకా ముందుకు కదలదు. కంగారూది పొడవాటి గొట్టంలాంటి పొట్ట, మేత అందులో నడుస్తూ పోతుంది. అందుకే నాసిరకం గడ్డితోనూ నెట్టుకొస్తుంది. అలా పులిసేటప్పుడు పుట్టే మీథేన్ వాయువు కూడా ఆవుకన్నా చాలా తక్కువగా వదులుతుంది.

ఇంకో వింత. పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూల గాస్ట్రోలోబియం అనే మొక్కలున్నాయి. వాటిలో ఉండే విషం, ఇక్కడ నక్కల్ని చంపడానికి 1080 పేరుతో వాడే విషం ఒకటే. వలస వచ్చినవాళ్ళ పశువులు ఆ మొక్కలు మేసి చచ్చిపోయేవి. తరతరాలుగా వాటి మధ్యే బతికిన అక్కడి బూడిదరంగు కంగారూలు మాత్రం ఆ విషాన్ని చాలావరకు తట్టుకుంటాయి.

చుట్టాలందరిదీ గడ్డే అనుకోకండి. క్వీన్స్‌లాండ్ వానల అడవుల్లో చెట్టు కంగారూ ఆకులు తింటుంది. మన విక్టోరియాలోనే గిప్స్‌లాండ్ అడవుల్లో పొడవు పాదాల పొటోరూ అనే చిన్న చుట్టం ఉంది. దాని తిండి దాదాపు అంతా నేలలోపల పెరిగే పుట్టగొడుగులే. ముందు కాళ్ళతో తవ్వుకుని తింటుంది. వాటి బీజాలు పెంటలో పడి అడవంతా చేరతాయి. ఆ శిలీంధ్రాలు యూకలిప్టస్ వేళ్ళను అల్లుకుని, చెట్టుకి నేలలోని పోషకాలు అందిస్తాయి.

చివరగా బ్రెడ్. కిందటిసారి మావాడే ముక్కలు తుంచి పెడుతుంటే ఫోటో తీసింది నేనే, ఒప్పుకుంటున్నాను. గడ్డికి అలవాటుపడిన పొట్టకి బ్రెడ్, చిప్స్ పడవు. అలాంటి తిండి వల్ల దవడ ఎముక చీము పట్టి వాచే జబ్బు కూడా వస్తుంది. దానికి లంపీ జా అని పేరు. పైగా చేతి తిండికి అలవాటుపడ్డ మగ కంగారూ, చేతిలో ఏమీ లేకపోతే మీద పడి రక్కుతుంది. కాబట్టి మన పులిహోర డబ్బాల మూతలు గట్టిగా పెట్టండి. నాలుగింటికే తిరుగు ప్రయాణం పెట్టుకోకుండా పొద్దు వాలేదాకా ఆగితే, అవి మేతకు దిగడం దూరం నుంచి చూడొచ్చు. బైనాక్యులర్స్ నేను తెస్తాను.