పెన్‌డ్రైవ్ పెడితే ర్యామ్ పెరుగుతుందా? (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం. స్లో అయిపోయిన కంప్యూటర్ల గురించి మీ ప్రశ్నలకు హార్డ్‌వేర్ ఇంజినీర్ గారు జవాబులిస్తారు. మొదటి కాల్ జనగామ నుంచి. చెప్పండన్నా.

కాలర్: హలో... హలో, వినవడ్తుందా?

యాంకర్: మీ రేడియో సౌండ్ తగ్గించండన్నా.

కాలర్: ఆఁ, తగ్గించిన. నమస్తే సార్. నాది డీటీపీ షాపు. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేస్త. సిస్టమ్ పాతది, విండోస్ 7, 2 జీబీ ర్యామ్. ఫొటోషాప్‌ల ఫ్లెక్సీ తెరిస్తే మౌస్ ఆగిపోతది, సీపీయూ మీద ఎర్రలైటు వెల్గుతనే ఉంటది, లోపల కటకట సప్పుడు. ముహూర్తాల టైం సార్, పార్టీ ఎదురుంగ కూసొని ఉంటడు. మా బామ్మర్ది 32 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే అంత ర్యామ్ అయితదన్నడు. పెట్టిన. తేడా లేదు.

ఇంజినీర్: పెన్‌డ్రైవ్ ర్యామ్ కాదన్నా. ర్యామ్ అంటే నడుస్తున్న పని ఉండే వేగమైన మెమరీ. మీరు ఆన్ చేసింది రెడీబూస్ట్ అనే విండోస్ సదుపాయం. 2007లో విండోస్ విస్టాతో వచ్చింది. హార్డ్‌డిస్క్‌లో పదే పదే వెతికే చిన్న చిన్న ముక్కల కాపీని పెన్‌డ్రైవ్‌లో ఉంచుతుంది. ఆ కటకట హార్డ్‌డిస్క్ ముల్లు తిరుగుతున్న చప్పుడే. ఒక్కోసారి వెతకడానికి దానికి పది మిల్లీసెకన్లు పడితే, మంచి పెన్‌డ్రైవ్‌కి ఒకటి చాలు. అంతవరకే లాభం.

కాలర్: అంటే 32 జీబీ ర్యామ్ కాదా సార్?

ఇంజినీర్: కాదన్నా. యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 30 ఎంబీ వస్తే గొప్ప. డీడీఆర్3 రకం ర్యామ్‌లో 10 జీబీ దాకా వెళ్తుంది. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే రెడీబూస్ట్ 4 జీబీ మించి తీసుకోదు కూడా.

కాలర్: మరి ఫార్మాట్ మార్చి ఎన్‌టీఎఫ్‌ఎస్ చేస్తే?

ఇంజినీర్: ఆగండి! ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి. కస్టమర్ల ఫైళ్లున్నాయా?

కాలర్: ఉన్నయ్ సార్, పోయినేడు పత్రికలన్నీ అండ్లనే.

ఇంజినీర్: ముందు వాటిని వేరేచోట కాపీ చేసుకోండి. తర్వాత సిస్టమ్ ఆపి, కరెంటు వైరు పీకి, సీపీయూ మూత తీయండి. ర్యామ్ స్టిక్కర్ మీద పీసీ2 అని ఉంటే డీడీఆర్2, పీసీ3 అని ఉంటే డీడీఆర్3. అదే రకం పాతది ఇంకొకటి కొని ఖాళీ స్లాట్‌లో పెట్టండి. మీది 32 బిట్ విండోస్ అయితే 4 జీబీ మించి వాడుకోలేదు, ఎక్కువ కొనొద్దు. ఇంకో మాట, విండోస్ 7కి 2020 జనవరితో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి.

కాలర్: సార్, పెద్ద పెన్‌డ్రైవ్ కొంటే...

ఇంజినీర్: పెన్‌డ్రైవ్ ర్యామ్ కాదన్నా. ఆ డబ్బు ర్యామ్‌కి పెట్టండి, మీ కష్టం తీరుతుంది.

యాంకర్: థాంక్యూ అన్నా. విజయవాడ నుంచి మేడం.

కాలర్: మా బాబు ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ఉందండి. రెడీబూస్ట్ నొక్కితే, ఈ కంప్యూటర్‌కి దీనివల్ల లాభం ఉండదని చూపిస్తోంది.

ఇంజినీర్: నిజమే చెప్తోందమ్మా. ఎస్‌ఎస్‌డీ అంటే ముల్లు లేని డిస్క్, పెన్‌డ్రైవ్ కంటే అదే వేగం. వదిలేయండి.

కాలర్: ఇంకొక్కటండీ...

యాంకర్: మేడం, కాల్స్ చాలా ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి తమ్ముడు.

కాలర్: సార్, నేను విండోస్ బదులు లినక్స్ వాడతాను. ర్యామ్ నిండితే వాడుకునే చోటు, అదే స్వాప్, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చాండి?

ఇంజినీర్: పెట్టొచ్చు తమ్ముడూ, కానీ జాగ్రత్త. రెడీబూస్ట్‌లో ఉండేది కాపీయే, అసలుది డిస్క్‌లోనే ఉంటుంది. మధ్యలో పీకేసినా ఏమీ కాదు. స్వాప్‌లో అసలుదే అక్కడ ఉంటుంది. పీకితే నడుస్తున్న ప్రోగ్రాములు కూలిపోతాయి, సేవ్ చేయని పని పోతుంది. పైగా ఆగకుండా రాస్తూంటే పెన్‌డ్రైవ్ త్వరగా అరిగిపోతుంది.

యాంకర్: సమయం అయిపోయింది సార్.

ఇంజినీర్: ఒక్క నిమిషం, జనగామ అన్న వింటున్నారేమో. అన్నా, ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి. కరెంటు వైరు పీకాకే లోపల చెయ్యి పెట్టండి.