ఊఁ కొట్టని ఫోను

శ్రోతలకు నమస్కారం.

చిన్నప్పుడు మా అమ్మమ్మ కథ చెప్పాలంటే ఒక షరతు పెట్టేది. ఊఁ కొట్టాలి. "అనగనగా ఒక రాజు" అంటే "ఊఁ". "ఆ రాజుకి ఏడుగురు కొడుకులు" అంటే మళ్లీ "ఊఁ". ఊఁ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయినట్టు లెక్క. కథ అక్కడికి వదిలేసి ఆవిడా దుప్పటి కప్పుకునేది. మన మాటలో సగం చెప్పేవాళ్లది, సగం ఈ ఊఁ కొట్టేవాళ్లది. ఇప్పుడు నేను మైకు ముందు ఒక్కణ్ణే కూర్చున్నాను. మీరు ఊఁ అంటున్నారో, రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయారో నాకు తెలిసే దారి లేదు. రాత్రీ పగలూ ఫోన్లలో ఇన్ని రకాలుగా మాట్లాడుకుంటున్నాం కదా, మరి అందులో ఈ ఊఁ ఏమైపోయింది? ఇవాళ్టి నా మాటలు దాని గురించే.

డబ్బు కట్టి దూరపు ఊళ్లకి ఫోను చేసుకునే ఎస్టీడీ బూత్‌లు గుర్తున్నవాళ్లకి ఆ గాజు గది, ఎర్రంకెలు తిరిగే మీటరు, రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని బయట బెంచీ మీద కూర్చున్న జనం, అన్నీ గుర్తుంటాయి. అక్కడ ఊఁ కొట్టడం అంటే డబ్బు తగలెయ్యడమే. "ఊఁ ఊఁ అంటావేంట్రా, విషయం చెప్పు" అని మా నాన్న పక్కనుంచి కసిరేవాడు. తర్వాత సెల్‌ఫోన్లొచ్చాయి. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న వెళ్లింది, కలకత్తా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో ఫోను ఎత్తినవాడికి కూడా డబ్బులు పడేవి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక మిస్డ్ కాల్ మనకి సొంత భాష అయిపోయింది. మా ఇంట్లో ఒక్క రింగంటే బస్సెక్కాను, రెండంటే దిగాను. పైసా ఖర్చు లేని ఊఁ అది. అంత తెలివైన ఏర్పాటు ఆ తర్వాత వచ్చిన వాటిలో నాకింకొకటి కనపడలేదు.

ఎస్సెమ్మెస్ దగ్గరికొచ్చేసరికి తెలుగుకి కష్టం మొదలైంది. ఒక్కో మెసేజ్‌కి ఇచ్చిన చోటు 140 బైట్లు, బైటంటే ఫోను చోటుని కొలిచే కొలత. ఇంగ్లిషు అక్షరాలైతే అందులో 160 పడతాయి, తెలుగైతే 70. పోనీ ఆ డెబ్బై అయినా మనం లెక్కపెట్టే డెబ్బై కాదు. "స్త్రీ" అని రాశారనుకోండి. మన కంటికి ఒక్క అక్షరం. ఫోను లెక్కలో ఆరు: స, ఒక పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. ఒక్క స్త్రీకే ఆరు పోతే ఇంక యోగక్షేమాలు ఎక్కడ రాస్తాం? పైగా అవతలివాడి ఫోన్లో తెలుగు లేకపోతే వరసగా డబ్బాలే కనపడేవి. మన ఒత్తులంటే ఖరీదైన ఫోన్లకీ భయమే లెండి. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" మధ్యలో పైకి కనపడని ఒక గుర్తు చేరి, మెసేజ్‌గా వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ వాళ్లు దానికోసం ఐఓఎస్ 11.2.6 అనే కొత్త ఐఫోన్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసి సరిచేసుకున్నారు. ఆ వారం నేను కొంచెం గర్వపడ్డాను కూడా.

చోటు చాలక తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో కుక్కడం నేర్చుకున్నాం. ఇప్పుడు చోటుకి కొదవ లేదు, అలవాటు మాత్రం పోలేదు. ఒకసారి మా చెల్లెలు మెసేజ్ పెట్టింది, నాన్నకి నొప్పులుగా ఉన్నాయి, మందు పట్రా అని. ఏం నొప్పులు? కే, ఏ, డబుల్ ఎల్, యూ. నేను కళ్లు అని చదువుకుని, మందుల షాపులో చుక్కల మందు కొనుక్కుని వెళ్లాను. తీరా చూస్తే ఆయన మోకాళ్లకి నూనె రాసుకుంటూ కూర్చున్నాడు. అది కాళ్లట. అవే అక్షరాలకి మా ఊళ్లో మూడో అర్థం కూడా ఉంది, తాటిచెట్టు మీది నుంచి దిగేది. అదృష్టం, అటు వెళ్లలేదు. అదే ఎదురుగా ఉండి చెప్పి ఉంటే "ఊఁ? ఏ కళ్లు?" అనేవాణ్ణి, ఒక్క క్షణంలో తేలిపోయేది.

2014 నవంబరులో వాట్సాప్‌లో నీలం టిక్కులొచ్చాయి. అవతలివాళ్లు చదివారని తెలుస్తుంది. చదివి ఊరుకున్నారని కూడా తెలుస్తుంది, అదే బాధ. పెళ్లి పిలుపు మెసేజ్‌కి నీలం టిక్కు పడి, తర్వాత ఏమీ రాకపోతే మా పెద్దమ్మ ఇప్పటికీ "చూసి కూడా మాటాడలేదు" అంటుంది. ఇక బొటనవేలు బొమ్మ. కుర్రాళ్లకి అది సరే. పెద్దవాళ్లకి, పొమ్మన్నట్టుంటుంది.

ఊఁకి కాస్త దగ్గరగా వచ్చింది వాయిస్ మెసేజే. అదేం కొత్త కాదు. గల్ఫ్ వెళ్లినవాళ్లు క్యాసెట్లలో మాటలు నింపి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపిన రోజులున్నాయి. ఇప్పటికీ దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు, ఇంటర్నెట్ కాల్స్‌కి అక్కడ అనుమతి ఉన్న యాప్‌లే వాడాలి. వాయిస్ మెసేజ్‌కి ఆ అడ్డు లేదు. అందుకే జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇళ్లల్లో "పైసలు అందినయ్, పోరడు బడికి పోతుండు, నువ్ తిన్నవా" అని పలికిన గొంతు, అక్కడ డ్యూటీ దిగిన మనిషి చెవిలో పడుతుంది. అక్షరం రాకపోయినా ఇబ్బంది లేదు, వేలు నొక్కిపెట్టి ఉంచడం వస్తే చాలు.

మా అమ్మకి ఆ నొక్కిపెట్టడమే సరిగ్గా రాదు. "మీ పిన్ని నిన్న వచ్చి..." అంటుండగానే వేలు జారుతుంది, మెసేజ్ వెళ్లిపోతుంది. మిగతాది రెండో దాంట్లో వస్తుంది, "ఏదీ, ఎక్కడిదాకా చెప్పాను?" అనే మొదలుతో. ఆవిడ మెసేజ్‌లు చాన్నాళ్లు విన్నాక నేనొకటి గమనించాను. మాట మాటకీ మధ్య చిన్న ఖాళీ. "పిన్ని వచ్చింది." ఖాళీ. "కాకరకాయలు తెచ్చింది." ఖాళీ. ఆయాసమేమో అనుకున్నాను మొదట. కాదు, నా ఊఁ కోసం ఆగుతోంది. వినేవాడు అక్కడ లేడని తెలిసీ వాడికి చోటు వదులుతోంది.

2021 నుంచి ఈ మెసేజ్‌ల్ని ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగంతో వినచ్చు. మా తమ్ముడు అమ్మని రెండు రెట్లలోనే వింటాడు, టైముండదట. పిచ్చుకలా ఉంటుంది ఆవిడ గొంతు. ఖాళీలు కూడా సగమైపోతాయి. నాకది గిట్టదు.

మొన్న సిటీ బస్సులో నిలబడి అమ్మ మెసేజ్ వింటున్నాను. కాకరకాయల దగ్గర ఖాళీ వచ్చింది. నాకు తెలీకుండానే పైకి "ఊఁ" అనేశాను. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. ఎలాగూ అన్నాను కదా అని, మైకు గుర్తు మీద వేలు పెట్టి, ఆ ఊఁ ఒక్కటే మళ్లీ పలికి అమ్మకి పంపాను. ఒక్క సెకను మెసేజ్. వెంటనే ఫోను మోగింది, అమ్మే.

"ఏరా, ఏంటది, మూలుగుతున్నావు? జొరమొచ్చిందా?"